ఉన్నది ఒకటే ఫస్ట్ క్లాస్ సీటు, వెళ్ళేది ఇద్దరం

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. మావారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. కోడలికి మే నెలాఖరున పురుడు. మేమిద్దరం ఏప్రిల్‌లో వెళ్ళి, మనవడో మనవరాలో కాస్త తేరుకున్నాక అక్టోబర్‌లో తిరిగి రావాలని అనుకుంటున్నాం. వీసాలున్నాయి. మావారికి మోకాళ్ళ నొప్పులు, గంటసేపు కదలకుండా కూర్చుంటే లేవలేరు. అందుకని మావాడు తన క్రెడిట్ కార్డుల మీద పోగైన పాయింట్లతో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో ఫస్ట్ క్లాస్ తీస్తానన్నాడు. తీరా చూస్తే ఆ తేదీకి ఒక్క సీటే ఉందట. “నాన్న ముందు కూర్చుంటారు, నువ్వు ఎకానమీలో సర్దుకో అమ్మా” అంటాడు. ఆయనేమో “మీ అమ్మనే కూర్చోబెట్టు” అంటారు. ఇంట్లో వారం రోజులుగా ఇదే గొడవ. మధ్యలో బీచ్ రోడ్డులో వాకింగ్‌కి వచ్చే ఒకాయన, తనకు తెలిసిన ఏజెంటు ఇలాంటి మైల్స్ (విమాన సంస్థల పాయింట్ల) టికెట్లు సగం ధరకే ఇప్పిస్తాడని చెప్పారు. అసలు ఈ టికెట్లు నిజంగా ఉచితమేనా? ఆ ఒక్క సీట్లో ఎవరు కూర్చోవాలి? ఎప్పుడూ ఫస్ట్ క్లాస్ ఎక్కని వాళ్ళం, అక్కడ ఎలా మసలుకోవాలో తెలీదు. ఊరగాయ పట్టుకెళ్ళొచ్చా?
— ఒక కాబోయే నాయనమ్మ, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ఆ ఒక్క సీట్లో ఎవరూ కూర్చోవద్దు. దాన్ని వదిలేయమని అబ్బాయికి చెప్పండి.

మీ అబ్బాయి మనసు మంచిదే. కానీ సింగపూర్ వాళ్ళ విమానంలో ఫస్ట్ క్లాస్ ఎక్కడో ముందు, ఎకానమీ ఎక్కడో వెనక ఉంటాయి. రెండంతస్తుల ఏ380 అయితే ఫస్ట్ క్లాసు, దాన్ని వాళ్ళు సూట్స్ అంటారు, పై అంతస్తులో ఉంటుంది. ఎకానమీ వాళ్ళను ముందు క్యాబిన్లలోకి రానివ్వరు. మీవారికి కాళ్ళు పట్టేస్తే మీరు వెళ్ళి చూడలేరు. మీకు ఒంట్లో నలతగా ఉంటే ఆయనకి తెలియను కూడా తెలియదు. పదమూడు గంటలు పరుపు మీద పడుకుని “వెనకాల ఎలా ఉందో ఏమో” అనుకుంటూ ఆయన నిద్ర పోతారని నాకైతే నమ్మకం లేదు. మీ ఉత్తరం చదివితే మీ ఇద్దరిలో ఎవరూ నిద్రపోయేలా లేరు.

ఇంకో మాట. మీవారి మోకాళ్ళకి కావలసింది కాళ్ళు చాపుకుని పడుకునే వీలు. అది బిజినెస్ క్లాసులోనూ ఉంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ దూరప్రయాణాల విమానాల్లో బిజినెస్ సీటు పూర్తిగా పడకలా పరుచుకుంటుంది. ఫస్ట్ క్లాసులో దానిపైన దొరికేది ఇంకాస్త చోటు, ఇంకాస్త ఏకాంతం, ఇంకా మంచి భోజనం, ఎక్కే ముందు ప్రత్యేకమైన లాంజ్. అవన్నీ బాగుంటాయి, కాదనను. కానీ మోకాళ్ళ నొప్పికి వాటితో పని లేదు. పైగా వాళ్ళ బోయింగ్ 777-300ఈఆర్ విమానంలో ఫస్ట్ క్లాస్ సీట్లు 4, బిజినెస్ సీట్లు 48. పక్కపక్కన రెండు సీట్లు ఎక్కడ దొరికే అవకాశం ఎక్కువో అబ్బాయికి వేరే చెప్పక్కర్లేదు. మైల్స్ కూడా తక్కువ పడతాయి.

అసలు ఒక్క సీటే ఎందుకు కనిపించిందో చెబుతాను. మైల్స్‌కి ఇచ్చే సీట్లంటే, డబ్బుకి అమ్ముడుపోవని విమాన సంస్థ అనుకున్న సీట్లే. నాలుగు సీట్ల క్యాబిన్‌లో అలాంటివి ఒకటో, అదృష్టముంటే రెండో. సింగపూర్ వాళ్ళ మైల్స్ పథకం పేరు క్రిస్‌ఫ్లయర్. అందులో తక్కువ మైల్స్‌కి వచ్చే టికెట్టును సేవర్ అంటారు, ఎక్కువ మైల్స్ పెడితే వచ్చేదాన్ని అడ్వాంటేజ్ అంటారు. ప్రయాణానికి 355 రోజుల ముందు నుంచి బుకింగ్ తెరుస్తారు. అప్పుడే కాచుకుని కూర్చున్న వాళ్ళకి కొన్ని దొరుకుతాయి. మళ్ళీ ప్రయాణం దగ్గర పడ్డాక, అమ్ముడుపోకుండా మిగిలినవి కొన్ని వదులుతారు. వెయిట్‌లిస్ట్ కూడా ఉంది, రైల్లో మనకి అలవాటైన ఆర్‌ఏసీ లాంటి భరోసా మాత్రం అందులో లేదు. చివరిదాకా ఏదీ తేలకపోవచ్చు. తేదీ మన చేతిలో ఉన్నవాళ్ళకి ఇదంతా సరదాగా ఉంటుంది. మీరు పురుటికి వెళ్తున్నారు. బిడ్డ ఎయిర్‌లైన్స్ క్యాలెండర్ చూసుకుని పుట్టదు కదా.

అందుకే నా సలహా ఇది. వెళ్ళేటప్పుడు ఫస్ట్ క్లాస్ ఊసే వద్దు. వచ్చేటప్పుడు చూడండి.

వెళ్ళేటప్పుడు ముఖ్యం తేదీ, ఇద్దరూ కలిసి ఉండటం. ఆ తేదీకి అటూ ఇటూ వారం రోజుల్లో సింగపూర్ వాళ్ళ బిజినెస్ రెండు సీట్లు సేవర్‌లో దొరికితే తీసేయమనండి. దొరక్కపోతే మైల్స్‌ని పక్కన పెట్టి, వైజాగ్ నుంచి ఢిల్లీ మీదుగా న్యూయార్క్‌కి ఎయిరిండియాలో ఒకే టికెట్టు కొనమనండి, ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్యదైన ప్రీమియం ఎకానమీ దొరికితే మరీ మంచిది. ఒకే టికెట్టు అయితే వైజాగ్‌లో ఇచ్చిన సామాను అమెరికాలో తీసుకుంటారు, ఢిల్లీ విమానం ఆలస్యమైతే తరువాతి విమానం ఎక్కించే బాధ్యత వాళ్ళదే. కాళ్ళ దగ్గర చోటు కావాలని, నడవా పక్క సీటు కావాలని ముందే అడిగి పెట్టుకోండి. ఎయిరిండియా కొత్తగా తెచ్చిన ఏ350 విమానాల్లో ఫస్ట్ క్లాసన్నదే లేదు కాబట్టి ఆ గొడవ మళ్ళీ రాదు.

సింగపూర్ దారిలో ఇంకో చిక్కుంది. ఇది మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది గానీ మీకు చెప్పి ఉండడు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి నేరుగా, పద్దెనిమిది గంటలకు పైగా ఎక్కడా ఆగకుండా పోయే విమానం ఒకటుంది. అందులో 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ సీట్లు. ఫస్ట్ లేదు, ఎకానమీ కూడా లేదు. న్యూయార్క్‌కి ఫస్ట్ క్లాసులో వెళ్ళాలంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగే విమానమే గతి. అక్కడ అందరూ దిగాలి, సెక్యూరిటీ చూపించుకుని మళ్ళీ ఎక్కాలి. ఫస్ట్ క్లాస్ వాళ్ళూ దిగాల్సిందే. మీవారికి వీల్‌చెయిర్ పెట్టించుకుంటే ఇబ్బంది ఉండదు, అమెరికా వీసా ఉంది కాబట్టి అక్కడ వేరే ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. కానీ మన వైజాగ్ నుంచి ఆగ్నేయంగా సింగపూర్ దాకా పోయి, అక్కడ ఫస్ట్ క్లాస్ ఎక్కి, మళ్ళీ దాదాపు మన నెత్తి మీదుగానే యూరప్ వైపు పోవడం! పురుటికి హడావిడిగా వెళ్ళేవాళ్ళు చేయాల్సిన ప్రయాణం కాదు ఇది.

తిరుగు ప్రయాణం అలా కాదు. ఆరు నెలలు పసిబిడ్డ పనులతో మీ నడుములు విరిగి ఉంటాయి. ఇంటికి చేరడానికి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఎవరికీ నష్టం లేదు. అక్టోబర్ మొదటి వారం నుంచి మూడో వారం దాకా ఏ రోజైనా సరే అని అబ్బాయికి వదిలేస్తే, ఫస్ట్ క్లాసులో రెండు సీట్లు దొరికే అవకాశం ఒక్కసారిగా పెరుగుతుంది. మైల్స్ టికెట్లు ఒక వైపుకి విడిగా తీసుకోవచ్చు, రానూపోనూ కలిపి తీయాలన్న నియమం లేదు. ఒక్క జాగ్రత్త. అమెరికాలో దిగినప్పుడు ఇమిగ్రేషన్ అధికారి ఎంతకాలం ఉండొచ్చో తేదీ నిర్ణయిస్తారు. తిరుగు టికెట్టు ఏదో ఒకటి చేతిలో పెట్టుకుని వెళ్ళండి, ఆ తేదీ దాటేలా మాత్రం ఫస్ట్ క్లాస్ కోసం కాచుకోవద్దు. ముందు తిరుగు ప్రయాణానికి బిజినెస్ రెండు సీట్లు పట్టి ఉంచి, తరువాత ఫస్ట్ కనిపిస్తే మార్చుకోవచ్చు. కొంత రుసుము పడుతుంది, అంతే.

అక్టోబర్ అంటే మనకి తుఫాన్ల కాలమని మీకు గుర్తుచేయాలా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన విమానాశ్రయం దెబ్బతిని కొన్ని రోజులు మూతపడింది. సింగపూర్ నుంచి వైజాగ్‌కి స్కూట్ విమానం ఉంది, అది చవక రకం సర్వీసు, అందులో ఫస్ట్ క్లాస్ ఉండదు. ఆ టికెట్టు విడిగా కొన్నారంటే మొదటి విమానం ఆలస్యమైనా వాళ్ళకి సంబంధం లేదు. సామాను బయటికి తీసుకుని మళ్ళీ ఇవ్వాల్సి రావచ్చు, అలా బయటికి రావాలంటే మన పాస్‌పోర్టుకి మామూలుగా సింగపూర్ వీసా కావాలి, చెల్లే అమెరికా వీసా ఉన్నవాళ్ళకి మినహాయింపు దొరకొచ్చు. కాబట్టి రెండూ కలిపి ఒకే బుకింగ్‌లో వస్తాయేమో మొదట అడగమనండి. కుదరకపోతే వీసా సంగతి చూసుకుని, సింగపూర్‌లో ఒక రాత్రి ఆగి, మర్నాడు రండి. హైదరాబాద్ మీదుగా అనుకున్నా అంతే, ఒక రాత్రి శంషాబాద్ దగ్గర పడుకుని వందేభారత్‌లో ఇంటికి రావచ్చు. దేశంలో తిరిగే విమానాల్లో ఎకానమీకి సాధారణంగా 15 కిలోల సామానే ఇస్తారు. అమెరికా నుంచి మీరు తెచ్చే పెట్టెలకి అది ఏ మూలకీ చాలదు. రైలైతే ఆ బాధ తక్కువ.

ఇక ఉచితమా అన్న ప్రశ్న. కాదు. పన్నులూ విమానాశ్రయ రుసుములూ డబ్బుగానే కట్టాలి. సింగపూర్ వాళ్ళు తమ సొంత విమానాల మైల్స్ టికెట్ల మీద ఇంధన సర్‌చార్జీ వేయరు, అది మేలు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ లాంటివి అలా కాదు, మైల్స్ తీసుకుని పైన బాగానే గుంజుతాయి. లండన్ నుంచి బయలుదేరితే ఫస్ట్, బిజినెస్ వాళ్ళకి ప్రభుత్వ పన్ను కూడా ఎక్కువ. క్రెడిట్ కార్డుల వార్షిక రుసుము మీ అబ్బాయి కడుతూనే ఉంటాడు. ఇవన్నీ కలిపినా, అదే టికెట్టు డబ్బు పెట్టి కొంటే అయ్యే లక్షలతో చూస్తే తక్కువే. అలాగని “లక్షలు మిగిలాయి” అని లెక్కేసుకోవద్దు. మీరు ఎన్నడూ ఆ లక్షలు పెట్టి ఫస్ట్ క్లాస్ కొనేవాళ్ళు కాదు. ఎకానమీకి ఎంత పెట్టేవాళ్ళో, నిజంగా మిగిలింది అంతే.

మరి ఫస్ట్ క్లాసుకి తగలేయడం దుబారా కాదా అని మీ మనసులో ఉండే ఉంటుంది, ఉత్తరంలో రాయలేదు గానీ. నా ఉద్దేశంలో కాదు. క్రిస్‌ఫ్లయర్ మైల్స్ ఖాతాలో పడ్డ 36 నెలలకి చెల్లకుండా పోతాయి. సీటుకి ఇన్ని మైల్స్ అని పెట్టిన లెక్కను సంస్థలు అప్పుడప్పుడూ పెంచుతూనే ఉంటాయి. దాచిన కొద్దీ విలువ తగ్గేదాన్ని తల్లిదండ్రుల కోసం వాడితే తప్పేముంది? అయితే అబ్బాయికి ఒక్క మాట గట్టిగా చెప్పండి. అమెరికా క్రెడిట్ కార్డు పాయింట్లు ఒకసారి విమాన సంస్థ మైల్స్‌గా మారిస్తే వెనక్కి రావు. సీట్లు కళ్ళతో చూశాకే మార్చాలి. ముందు మార్చేసి తరువాత వెతుక్కోవద్దు.

ఎమిరేట్స్, ఎతిహాద్ అని చుట్టాలు ఎవరైనా చెబుతారు. ఎమిరేట్స్ ఏ380 ఫస్ట్ క్లాసులో షవర్ కూడా ఉంది, ఒక్కొక్కరికి అయిదు నిమిషాల నీళ్ళు. కానీ 2025 నుంచి మైల్స్‌తో ఫస్ట్ క్లాస్ తీయడానికి వాళ్ళ పథకంలో సిల్వర్ లేదా ఆ పైస్థాయి సభ్యుడై ఉండాలి. తరచూ వాళ్ళ విమానాలెక్కే వాళ్ళకే అది. ఎతిహాద్ మాత్రం ఆలోచించదగ్గదే. అబుదాబిలోనే అమెరికా ఇమిగ్రేషన్ పూర్తి చేసేస్తారు, న్యూయార్క్‌లో దిగాక దేశంలో విమానం దిగినట్టు బయటికి నడిచి రావడమే. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఫస్ట్ క్లాస్ కంటే ఇదే పెద్ద సుఖం. ఎందుకంటే న్యూయార్క్‌లో దిగాక ఇమిగ్రేషన్ క్యూలో ఫస్ట్ క్లాస్ టికెట్టుకి మర్యాదేమీ ఉండదు. ఇంకోటి, అమెరికాలో ఉన్నవాళ్ళు ఫస్ట్ క్లాస్ అనే మాటను కాస్త ధారాళంగా వాడతారు. యునైటెడ్, డెల్టా దూరదేశాల ప్రయాణాల్లో ఉన్నది బిజినెస్ క్లాసే. టికెట్టు వచ్చాక అందులో ఏ క్లాస్ అని రాసి ఉందో మీరే చదువుకోండి.

వాకింగ్ స్నేహితుడు చెప్పిన ఏజెంటు జోలికి మాత్రం వెళ్ళకండి. మైల్స్ అమ్ముకోవడం విమాన సంస్థల నియమాలకి విరుద్ధం. ఎవరి ఖాతాలోంచో మీ పేరున టికెట్టు తీస్తారు, మీరు డబ్బిచ్చేస్తారు. సంస్థకి అనుమానం వస్తే ఆ ఖాతా మూసేసి టికెట్టు రద్దు చేస్తుంది. అది మీకు ఎప్పుడు తెలుస్తుంది? ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర, కోడలి పురుటికి ముందు. కొన్నిసార్లు ఆ మైల్స్ దొంగిలించిన ఖాతాలవి కూడా కావచ్చు. అబ్బాయి తన మైల్స్‌తో అమ్మానాన్నలకి తీయడం అలాంటిది కాదు, పూర్తిగా నియమాల ప్రకారమే. క్రిస్‌ఫ్లయర్‌లో అయిదుగురి దాకా పేర్లు నమోదు చేసి వాళ్ళకి టికెట్లు తీయొచ్చు. ఆ పేర్లు ఇప్పుడే ఎక్కించమనండి, సీటు కనిపించిన రోజున వెతుక్కోకుండా. మన పేర్లతో ఒక తలనొప్పి ఉంటుందని మీకు తెలుసు. ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉందా, ఒక్క అక్షరంగా ఉందా, అసలు ఖాళీగా ఉందా? వీసా మీద ఎలా ఉంది? టికెట్టు మీద అచ్చం అలాగే ఉండాలి. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫోటో తీసి పంపండి, ఫోనులో అక్షరాలు చెప్పొద్దు.

ఎలా మసలుకోవాలి అన్నదానికి పెద్దగా చెప్పేదేమీ లేదు. మీకు అలవాటైన చీరే కట్టుకోండి, ముడత పడనిదైతే మేలు. పడుకోవడానికి వదులు బట్టలు వాళ్ళే ఇస్తారు, అవి ఇంటికి తెచ్చుకోవచ్చు. దుప్పటి తేకూడదు. పడక వేయమంటే వాళ్ళే వచ్చి వేస్తారు, మీరు లేచి నిలబడితే చాలు. వైన్ పట్టుకొస్తే వద్దని తల ఊపండి, మంచినీళ్ళడగండి. ఏ బటన్ ఏమిటో తెలియకపోతే అడగండి, రోజూ విమానాలెక్కే వాళ్ళు కూడా ఆ సీట్ల దగ్గర తడుముకుంటారు. శాకాహారం కావాలంటే మాత్రం ఎక్కాక చెబితే లాభం లేదు. కనీసం 24 గంటల ముందే భారతీయ శాకాహారమని బుకింగ్‌లో పెట్టించాలి. సింగపూర్ వాళ్ళ దగ్గర ఫస్ట్, బిజినెస్ వాళ్ళు తమకి కావలసిన వంటకం ముందే ఎంచుకునే వీలు కూడా ఉంది. దానికీ అదే గడువు.

పడక ఉంది కదా అని మీవారు పదమూడు గంటలూ పడుకోకూడదు. రెండేసి గంటలకి ఒకసారి లేచి నాలుగడుగులు వేయించండి. కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదానికి ఏ క్లాసైనా ఒకటే. బిగుతు మేజోళ్ళు వేసుకోవచ్చో లేదో వెళ్ళే ముందు డాక్టరుని అడగండి. మందులన్నీ చేతి సంచిలోనే, చీటీతో సహా. కార్డుతో టికెట్టు తీస్తే ఇన్సూరెన్స్ వస్తుందని అబ్బాయి అనొచ్చు. అది సామాను పోతేనో విమానం ఆగితేనో పనికొస్తుందేమో గానీ, ఆరు నెలలు అమెరికాలో ఉండే పెద్దవాళ్ళ ఆసుపత్రి ఖర్చులకి సరిపోయేది కాదు. విజిటర్స్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోండి. ఫస్ట్ క్లాసుకి పెట్టే మనసు ముందు దీనికి పెట్టమనండి.

ఊరగాయ పట్టుకెళ్ళండి. చేతి సంచిలో మాత్రం వద్దు, నూనెతో ఉన్నది కాబట్టి ద్రవం కింద లెక్కేసి సెక్యూరిటీలో తీసేస్తారు. సీసాలు కాకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. మాడుగుల హల్వా పెట్టినా సరే. పచ్చి పళ్ళూ కూరగాయలూ, కరివేపాకు, మాంసంతో చేసిన పచ్చళ్ళూ వద్దు. అక్కడ దిగాక తినేవి ఏమైనా ఉన్నాయా అని అడిగితే ఉన్నాయని చెప్పండి, పెట్టె తెరిచి చూపించండి. దాచిపెట్టి దొరికిపోతేనే జరిమానా.